శుక్రవారం మాత్రలు

ఉపవాసం సంగతి రోజీ పౌలోతో అనకుండా ఉంటే అతని కిడ్నీ నిలిచేదా? ఐర్లండ్‌లోని లిమరిక్‌లో కిడ్నీ మార్పిడి అయినవాళ్లను కనిపెట్టి ఉండే నర్సు ఆమె. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసి, చిన్న నోటుపుస్తకంలో ఇంగ్లీషు మాటల పక్కన పోర్చుగీసువి తెలుగు అక్షరాల్లో రాసుకునేది. కొత్త కిడ్నీ ఒంటికి పడకపోవడాన్ని చెప్పే ‘రిజెక్షన్’ పక్కన ‘హెజెయిసాఁవ్’. “ముక్కుతో పలకాలి రోజీ,” అని బ్రెజిల్ నుంచి వచ్చిన పౌలో ఆటపట్టించేవాడు. “నీకోసం శుక్రవారాలు ఉపవాసముంటున్నా, మంచినీళ్లైనా ముట్టను,” అని ఒకనాడు ఆమె నోరుజారింది.

మొన్న అతని రక్తపరీక్ష చూసి, “మాత్రలు మానేశావా?” అని అడిగింది.

“శుక్రవారాలే. నాకోసం నువ్వు నీళ్లు మానితే నేనెలా మింగను?” అన్నాడతను గర్వంగా.

కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొడుతోందని చెప్పక తప్పదు. ‘హెజెయిసాఁవ్’ అంది రోజీ. గొంతులో ఏడుపుందేమో, ఈసారి ముక్కుతో సరిగ్గానే వచ్చింది. పౌలో నవ్వలేదు. ఆమె కళ్లద్దాలు దించుకుని బయటికి నడిచింది.