చెవి మేస్త్రి వినని చప్పుడు

పందొమ్మిదివందల తొంభై ఎనిమిది, జూలై పదకొండు, శనివారం. ఆకాశమంతా మబ్బు కమ్మినా చినుకు లేదు. గాలి స్తంభించి, చొక్కా వీపుకు అంటుకుపోయే ఉక్క. వాతావరణంతో మొదలుపెట్టడం పాతకాలపు పద్ధతేనని తెలుసు. అయితే వేడిగాలి పీల్చే ఇంజను మరింత మొరాయిస్తుందని ఆనాడే నేర్చుకున్నాను కనుక, ఉక్కను వదిలిపెట్టలేను.

ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతున్న నా పాత కారును మా వీధి చివరి చెవి మేస్త్రి దుకాణానికి తీసుకుపోయాను. ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెబుతాడని జనం ఇచ్చిన బిరుదది. తెలుగు మాస్టారిగా ఆ సమాసం విషయంలో నాకు అభ్యంతరం ఉండేది. చెవులు బాగుచేసే మేస్త్రి అనీ విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. కాని జనం పెట్టే పేర్లు ఏనాడు వ్యాకరణానికి లొంగాయి గనుక!

అతను మొదట రేడియోలు బాగుచేసేవాడు. పెట్రోలును కొలిచి చిమ్మే కార్లు వచ్చి, అవీ పాతబడ్డాక, వాటి కంప్యూటరు పెట్టెల్లోని చిప్పుల పని పట్టాడు. చిప్పు నడుమ చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాన్ని అతినీలలోహిత దీపం కింద ఉంచితే, పలక తుడిచినట్టు లోపలి అంకెలన్నీ చెరిగిపోతాయి. ఏ వేగంలో ఎంత పెట్రోలు పోయాలో, నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో కొత్త అంకెలు ఎక్కించి, కిటికీ మీద వెండిరంగు చీటీ అంటించేవాడు. రవ్వను కాస్త ముందుకు జరిపితే కారుకు బలం వస్తుంది. మరీ జరిపితే లోపల సన్నగా చిటచిటమంటుంది. అనుకరణ పదాల్లో ఇంత పొదుపైనది మరొకటి లేదని పిల్లలకు చెప్పేవాణ్ణి. అది పిస్టను కరిగే ముందు చేసే హెచ్చరిక అని మాత్రం నాకు తెలియదు. ఆ చప్పుడు వినగానే వెనక్కి తగ్గాలి. అతని విద్యంతా అదే.

పరీక్షకు కొండరోడ్డు ఎక్కించాడు. పక్క సీట్లో అతని భార్య. దుకాణం పక్క గదిలో బట్టలు కుట్టే ఆమె, ప్రతి పరీక్షకూ మిషను ఆపి వచ్చేదట.

“మా షికారుకు మీ కారు దొరికింది మాస్టారూ, ఏమీ అనుకోకండి,” అంది.

“అనుకోవడానికేముందమ్మా! పెట్రోలు నాది, షికారు మీది,” అన్నాను వెనకసీట్లోంచి.

ఎత్తు మొదలవగానే ఎక్కడో చిటచిట. వెంటనే ఆమె అతని మోచేతిని వేలితో తట్టింది, అతను కాలు సడలించి, మీటరు చూసి ఒక అంకె చెప్పాడు, ఆమె రాసుకుంది. ఆలుమగల సరసమనుకుని నేను మర్యాదగా చెట్ల వైపు చూశాను. మళ్ళీ చిటచిట, మళ్ళీ తట్టడం. ఆమె తట్టనిదే అతని కాలు కదలడం లేదని అప్పుడు గమనించాను.

దుకాణంలో చిప్పు దీపం కింద ఉండగా ఆమే మాట ఎత్తింది. “మాస్టారు కనిపెట్టేశారు. ఇంకా ఎన్నాళ్ళు దాస్తారు? చెప్పెయ్యండి అందరికీ.”

“ఏమని? చెవి మేస్త్రికి చెవుడని బోర్డు రాయించనా?”

“మాటలు వినబడుతున్నాయిగా! ఆ సన్న చప్పుడొక్కటేగా వినబడనిది. అది మా ఆవిడ వింటుందని చెప్పండి.”

“పెళ్ళాం చెవులతో బతుకుతున్నానని చెప్పుకోవాలా?”

“అయితే రేపటినుంచి నేను ఏ కారూ ఎక్కను. మీ ఇష్టం.”

ఆమె మాట మీద నిలబడింది. ఆ సోమవారమే అతని బావ, అంటే అక్క భర్త, తన అద్దెకారు తెచ్చాడు. మనుషులను నిండా ఎక్కించుకుని కొండ ఎక్కాలి, బలం పెంచమన్నాడు. బావను పక్కన కూర్చోబెట్టుకుని, భార్య లేకుండానే మేస్త్రి పరీక్షించాడు.

మరుసటి వారం నేను దుకాణం బల్ల మీద కూర్చుని ఉండగా బావ గుడ్డమూట తెచ్చి అతని ముందు విప్పాడు. అంచు కరిగి చిల్లుపడిన పిస్టను.

“సగం కొండలో ఆగిపోయింది. జనాన్ని రోడ్డున దించేసి వచ్చాను.”

“పెట్రోలు కల్తీదై ఉంటుంది బావా.”

“ఆ రోజే అడిగాను కదరా, ఏదో చిటచిటమంటోందని! ఏమన్నావు? చక్రాల కింద కంకర లేచి తగులుతోందన్నావు. నా చెవులతో విన్నదాన్ని నీ మాట మీద కొట్టిపారేశాను. ఇంటికెళ్ళి మీ అక్కకు ఏం చెప్పను? కంకరని చెప్పనా, కల్తీ అని చెప్పనా?”

పక్క గదిలో కుట్టు మిషను ఆగింది. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ఆ పూట మాట్లాడి ఉంటే అతను చెప్పి ఉండేవాడు కాదేమో. పిస్టను చిల్లులో వేలు పెట్టి, చాలాసేపు తిప్పాడు.

“పెట్రోలు కాదు బావా. నాకు వినబడలేదు. ఏడాదిగా వినబడటం లేదు. కంకర అని ఊరికే అన్నాను.”

“చెవి మేస్త్రీ!” అని బావ ఒక్కసారి నవ్వాడు. నేను లేచి చెప్పులు వెతుక్కున్నాను.

మేస్త్రి తన సొంత కారు ఇంజను విప్పి బావ కారుకు బిగించాడు. బావ ఇల్లు నిలబడింది కాని రాకపోకలు తెగిపోయాయి. సంగతి పొక్కి కార్లు రావడం మానేశాయి. చలికాలం రాకముందే దుకాణానికి తాళం వేసి, వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోయారు.

ఎనిమిదేళ్ళకు ఉత్తరం వచ్చింది.

“మాస్టారికి నమస్కారాలు. ఇక్కడ చిన్న షెడ్డు వేసుకున్నాం. చిప్పు నేను రాస్తాను, వినేది మా ఆవిడ అని ముందే చెబుతున్నాను. కొందరు నవ్వి వెళ్ళిపోతారు, కొందరు ఉంటారు. చెవికి మిషను పెట్టించుకున్నాను. మాటలు ఇంకా బాగా వినబడుతున్నాయి, అది మాత్రం వినబడదు. పోయిన నెల బావ వచ్చాడు. అదే కారు, నా ఇంజనే. లోపలికి రమ్మంటే రాలేదు. ‘చెల్లెమ్మా, ఒకసారి ఎక్కి విను,’ అని మా ఆవిడను పిలిచి, నన్ను వెనక కూర్చోమన్నాడు. ఎత్తులో ఏదో చప్పుడైందట. ‘ఏమీ లేదన్నయ్యగారూ, ఇది కంకరే,’ అంది ఆవిడ. బావ కారాపి, దిగి, వంగి రోడ్డు చూశాడు. కంకర నిజంగానే ఉంది మాస్టారూ. చేతిలోకి తీసుకుని చూసి, పారేసి, వచ్చి కూర్చున్నాడు.”