మూడోసారి చదివించిన కాగితం

పూండి స్టేషన్లో ఒక జాలరి తలగుడ్డలోంచి కాగితం తీసి చదవమన్నాడు. అంతకుముందే అది ఇద్దరిచేత చదివించాడు. నన్ను ఏ దావాలోనో సాక్షిగా ఇరికిస్తాడని భయం. తీరా చూస్తే పిల్లల పాఠం. త్వరగా వదిలించుకోవాలని ఒక వాక్యం దాటేశాను.

"ఆవు దూడని నాకిందని మజ్జినొక మాట వుండాలి బాబూ" అన్నాడతను.

"నీకు చదువొచ్చా?"

"నాకేటొచ్చు? మా గుంట, నా కూతురు, రోజూ ఇదే సదువుతాది. నిజంగా సదువుతందో, కల్పించి సెప్తందో? ముగ్గురు సెప్తేగానీ నమ్మను. అబద్ధమైతే రేపట్నుంచి బడి మానిపించి సేపల తట్ట ఎత్తిస్తాను."

సిగ్గుపడి మొదటినుంచి చదివాను. అతని పెదాలు నాతోపాటే కదిలాయి.

"అయితే బడికే ఎళ్తాది" అని కాగితం మడిచాడు. "మీరు దాటేసినారు గానీ, అది ఒక్కనాడూ దాటనేదు."