తాత చేయని గడియారం

మా తాత గడియారాలు తయారు చేయలేదు. బాగు చేసేవాడు. ఈ తేడా తెలియనట్టు నటించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. అందరికంటే ముందు నా మీదే.

మా ఇంట్లో ఉన్న ఆ గడియారం ఫ్రాన్సుది. తాత వరంగల్‌లోని తన దుకాణంలో పాడైన గడియారాలు కొనేవాడు, అలా మా ఇంటికి చేరింది. దానికి పెట్టె లేదు. పళ్లచక్రాలన్నీ బయటికే కనిపిస్తాయి, పైన గాజు మూత ఒక్కటే. గంటలు, నిమిషాలతో పాటు తారీకు చూపే ముల్లు, చంద్రుడు పెరుగుతూ తరుగుతూ కనిపించే నీలం బిళ్ల కూడా ఉన్నాయి. కింద ఇత్తడి పలక మీద చేసినవాడి పేరు, ఊరు పారిస్ అని చెక్కి ఉండేవి. తాతకు ఆ అక్షరాలు రావు. అయినా తాళం తిప్పే ముందు ఆ పేరును వేలితో తాకి కళ్లకద్దుకునేవాడు.

"ఆయన జేసిండు, మనం నడిపిస్తానం. గంతే," అనేవాడు.

తాత పోయాక పెద్దకర్మకు పంచడానికి స్టీలు డబ్బాలు కొన్నాం. వాటి మీద తాత పేరు కొట్టించడానికి గిన్నెల దుకాణానికి వెళ్తూ, గడియారం పలక కూడా ఊడదీసి పట్టుకెళ్లాను. పోయినవాళ్ల పేరు ఇంట్లో వస్తువు మీద ఉండాలని మా వాళ్లకు ఒక ఆశ. పేర్లు కొట్టే అతను అడిగాడు కూడా.

"అన్నా, గీడ ముందే ఏందో ఇంగ్లీష్ల రాసున్నది గదా?"

"కంపెనీ పేరులే. అరగదీసి మా తాత పేరు కొట్టు. కింద వరంగల్ అని ఎయ్యి."

అంత తేలిగ్గా అన్నాను. డబ్బా మీద పేరు చూస్తే, ఎవరి గుర్తుగా ఇచ్చారో అందరికీ తెలుస్తుంది. గడియారం మీద పేరు చూస్తే, చేసినవాడిదే అనుకుంటారని నాకు తట్టలేదు.

ఈమధ్య హనుమకొండలో ఒక కాలేజీ వాళ్లు పాత వస్తువుల ప్రదర్శన పెడితే, మా తమ్ముడు గడియారం ఇచ్చాడు. వెళ్లి చూస్తే దాని ముందు కార్డు: "తయారీ: మా తాతగారు, వరంగల్." జనం ఫొటోలు దిగుతున్నారు. తమ్ముడు పెళ్లికొడుకులా పక్కన నిలబడ్డాడు.

"ఇదెవడు రాసిండురా?"

"నేనే అన్నా. పలక మీద ఉన్నదే గదా."

"పలక కథ నీకు తెల్వదా?"

"తెల్సు. అయితేంది? తాత పేరు మోగుతాంది, నీకేం నొస్తాంది? ఆ ఫ్రాన్సోడు వచ్చి అడుగుతాండా?"

"ఆయన అడగడురా. తాత ఉంటే నీ చెంప పగలగొడుతుండె. నాది ముందుగాల."

"జర మెల్లగ. అందరు జూస్తాండ్రు."

చూడనీ అనుకున్నాను. తాత కళ్లకద్దుకున్న పేరును చెరిపించి, ఆ చోట తాతనే దొంగలా కూర్చోబెట్టాను. కార్డు లాక్కుని, "తయారీ" కొట్టేసి రాశాను: "నడిపినవారు మా తాత. చేసినవారి పేరు అరగదీయించింది నేను."

పక్కన నిలబడ్డ విద్యార్థిని చదివి, "మరి చేసినాయన పేరేంది సార్?" అంది.

చిన్నప్పటి నుంచీ రోజూ చూసిన పేరు. మొదట ఒక పెద్ద 'ఎల్' ఉండేది, అంతవరకే గుర్తుంది. మిగతాదంతా గిన్నెల దుకాణంలో ఇత్తడి పొడిగా రాలిపోయింది.

కార్డు మీద "చేసినవారు:" అని రాసి, పక్కన ఆ పేరుకు చోటు ఖాళీగా వదిలాను. అందులో మళ్లీ తాత పేరు రాస్తే పలక ఊడబీకి పట్టుకుపోతానని తమ్ముడికి చెప్పి, బయటికి వచ్చాను.