కోత కొలిచే కాక

గనిలో పనిచేసే మా బావకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయి పది రోజులైంది. మూడు చిన్న రంధ్రాలు పెట్టి లోపల వల లాంటి జాలీ వేశారు. నెల దాకా బరువెత్తొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

పొద్దున మల్లయ్య కాక బత్తాయిలు పట్టుకుని చూడటానికొచ్చాడు. అదే గనిలో రిటైరైనా పెత్తనంలో మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. బావ చొక్కా ఎత్తి చూసి కాక నవ్వాడు.

"గింతేనా? ఇదే ఆపరేషన్‌కు నాకు జానెడు కోసిన్రు! మూడు చిల్లులకు నెల రెస్టా? సిగ్గుండాలెరా. రేపు ఫస్ట్ షిఫ్టుకు పో."

కాక పోగానే బావ బూట్లు తుడవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం కాక మళ్లీ వస్తాడని తెలిసి, బావ బొడ్డు కింద జానెడున్నర పట్టీ అంటించాను.

"ఇదేంది?" అన్నాడు కాక.

"పొద్దున పైవే చూసినవ్ కాకా. అసలుది కింద ఉన్నది."

కాక ముఖం వాడిపోయింది. "లేవకు బిడ్డా! రెండు నెలలు మంచం దిగకు" అంటూ తనే మంచినీళ్లు తెచ్చి తాగించాడు. బావ బూట్లు కూడా తనే మంచం కిందికి తోసేశాడు.

పట్టీ కింద చర్మం తప్ప ఏమీ లేదు. చదువుకున్న డాక్టర్ చెప్తే వినని పెద్దమనిషి పట్టీ చెప్తే విన్నాడు. మీ ఇంటికీ ఇలాంటి కొలతగాళ్లు వస్తుంటే చెప్పండి, అర చుట్ట పట్టీ మిగిలింది.