తెల్ల కాగితానికీ వాటం ఉంటుంది

మా ఆయనది పుస్తకాల బైండింగు. అట్టలకి బంక ఆరేలోగా చేతికి ఏది దొరికితే అది చదివేస్తాడు. పన్నుల చట్టమైనా సరే, పశువైద్యమైనా సరే. అన్నానికి పిలిస్తే మాత్రం వినపడదు మహానుభావుడికి.

ఈసారి చదివింది సొంత చెల్లెలి థీసిస్. నా ఆడపడుచు నలభై రెండేళ్ల వయసులో తత్వశాస్త్రంలో డాక్టరేటుకి దిగింది. దేవుడున్నాడన్న ఎరుక పుట్టుకతోనే మనసులో ఉంటుందని, పనివాడు తన వస్తువు మీద ముద్ర వేసినట్టు ఆయనే అది పెట్టి పంపాడని ఒక తత్వవేత్త. కాదు, పుట్టినప్పుడు మనసు తెల్ల కాగితం, దేవుణ్ణయినా లోకాన్ని చూసి, ఆలోచించి తెలుసుకోవాల్సిందేనని ఇంకొకాయన. ఇద్దర్నీ పోల్చి మూడొందల పేజీలు రాసింది. మొదటిసారి వైవాలో, వాళ్ల మాట సరే, నీ మాటేంటమ్మా అని అడిగితే నోరు పెగల్లేదట. వెనక్కి పంపేశారు. ఈసారీ పోతే ఇక అంతే సంగతులు.

మా ఆయన ఆ తెల్ల కాగితం దగ్గరే ఆగిపోయాడు. రాత లేకపోతే ఏమీ లేనట్టేనా, కాగితానికి వాటం ఉండదా అని ఒకటే పేచీ. కాగితంలోనైనా అట్టలోనైనా పీచు ఒక దిక్కుకే ఉంటుంది. ఆ వాటాన మడిస్తే చక్కగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది. ఆ ధ్యాసలో పడి, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడు, ఆమె థీసిస్ అట్టల్నే అడ్డవాటంగా కోసి అంటించాడు. తెల్లారేసరికి నాలుగు కాపీలూ వంకర్లు తిరిగాయి. వైవా పదింటికి. నేను చెడామడా తిట్టాను. ఆమె మాత్రం ఎందుకు వంగాయో వివరంగా అడిగి, వాటినే సంచిలో పెట్టుకుని వెళ్లింది.

సాయంత్రం వచ్చి చెప్పింది. పరీక్షించే పెద్దాయన అట్టని అరచేత్తో నొక్కితే మళ్లీ లేచిందట. ఇదేంటని అడిగాడట. వాటం సంగతి చెప్పి, ఆ ఊపులోనే తన మాటా చెప్పేసింది. మనసు మీద ముందే ఏదీ రాసి ఉండదు, కానీ ఎటు వంగాలో ముందే ఉంటుంది అంది. అది పెట్టింది దేవుడేనా అంటే, ఉందని చూపించగలను గానీ ఎవరు పెట్టారో నాకింకా తేలలేదు అందట. పాసైంది.

మా ఆయన ఆమె మొహంలోకి చూడకుండానే, "నా సంగతి చెప్పావా?" అన్నాడు.

"చెప్పకపోతే ఎలా? ఇది మా అన్నయ్య చేసిన తప్పండీ, నా సమాధానం ఇందులోంచే వచ్చింది అన్నాను" అంది.

ఆయన నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేనైతే సంతోషం పట్టలేక ఏడ్చేశాను.