తేదీలు తీసేసిన నాలుగు కాగితాలు

1958 ఆగస్టు 12, మంగళవారం, పొద్దున ఎనిమిది గంటలకు నా పుస్తకాన్ని మా మరిది చేతిలో పెట్టాను. అతనికి అక్షరాలు దిద్దించింది నేనే.

గొర్రెల మందను మా మామ నాకు అప్పగించిన నాటి నుంచి రోజుకొక్క వరుస రాసేదాన్ని. వాన, పిల్లలు పుట్టిన ఈత, చావు, కొత్తగా కొన్నవి, ఏ రోజుది ఆ రోజు. జూలైలో మరిది మక్తల్ అంగడి నుంచి ఆరు గొర్రెలు తెచ్చాడు. కొత్తవాటిని పదిహేను రోజులు వేరే దొడ్లో ఉంచి చూశాకే కలపడం మా పద్ధతి. నేను వద్దంటున్నా అతను అదే సాయంత్రం కలిపేశాడు. ఎనిమిదో రోజు నుంచి మందకు పారుడు రోగం, విరేచనాలై ఒకదాని వెనక ఒకటి చావడం.

కాలు విరిగి మంచంలో ఉన్న మామకు చదువు రాదు. గొర్రెలెందుకు చచ్చాయో ఆ మధ్యాహ్నానికి చెప్పమన్నాడు.

"వదినె, నేనే సదివి ఇనిపిస్త. నా తప్పు నేనే ఒప్పుకుంట" అని పొద్దున పుస్తకం అడిగాడు మరిది. నమ్మాను.

మధ్యాహ్నం నాలుగు కాగితాలతో వచ్చాడు. "బాపూ, వదినె రాత కలగాపులగం. ఈతలొక దిక్కు, సావులొక దిక్కు, కొన్నయొక దిక్కు, వానలొక దిక్కు రాసిన."

చదివాడు. ఒక్క అంకె తప్పు లేదు. ఒక్క తేదీ కూడా లేదు.

"కొత్తయి కలిసినంకనే సావులు మొదలైనయి మామా. పుస్తకంల ఉన్నది" అన్నాను.

"ఏదీ, సూపియ్యి."

మరిది నా వైపు చూడలేదు. "అన్నీ దీంట్లకు ఎక్కించిన గద. పాత కాయిదాలు పొయ్యిల పెట్టిన."

"రాసుడే గాని గొర్ల మొకం సూసిందా ఎన్నడన్న?" అంది అత్త.

"రేపటి సంది మందను నీ మరిది సూసుకుంటడు బిడ్డా" అన్నాడు మామ.

అబద్ధం రాసి ఉంటే పట్టుకునేదాన్ని. అతను అన్నీ నిజాలే రాశాడు, ఏది ముందో ఏది తర్వాతో మాత్రం తెలియకుండా.

పోయినవి: పెద్ద గొర్రెలు పందొమ్మిది, పిల్లలు ఏడు. మూడేళ్ల ఐదు నెలల రాత, నూట డెబ్బై రెండు పేజీలు. మంద.