పన్నెండో గులాబీ

ఈ పొద్దున చిక్కబళ్ళాపురంలోని నా పూలంగడికి కాలేజీ రష్యన్ క్లబ్బు అమ్మాయి శిల్ప వచ్చింది. "మామా, మాకు పాఠం చెప్పేదానికి రష్యానుంచి మేడమ్ వచ్చినారు. పదకొండు గులాబీలు కట్టు. సరిసంఖ్యలో ఇస్తే చచ్చినోళ్ళకు పెట్టినట్టంట వాళ్ళకు!" అంది.

నా బుద్ధి ఊరుకుంటుందా? ఆకుల చాటున పన్నెండోది దూర్చి, తమాషా చూద్దామని గుత్తిని నేనే మోసుకెళ్ళాను.

మేడమ్ పూలను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ముఖం పాలిపోయింది. మెల్లగా ఏదో అడిగింది.

శిల్ప తెలుగులో చెప్పింది: "తెల్లారి వాళ్ళమ్మ పోయిందంట మామా. ఇంకా ఎవరికీ చెప్పలేదంట. నీకెవరు చెప్పినారని అడుగుతాండారు."

ఆమె ఆ గుత్తిని గుండెకు హత్తుకుని నాకు దండం పెట్టింది. ఇప్పుడు నా వేళ్ళను చూసుకుంటే నాకే భయమేస్తోంది. అది నా కొంటెపని అని ఆమెకు చెప్పాలా, వద్దా? మీరైతే ఏం చేస్తారప్పా?